మాదాపూర్ ఫ్లాట్‌లో బేస్ ఎక్కడుంది?

మాదాపూర్ ఫ్లాట్లలో "బేస్ సరిగ్గా కొట్టట్లేదు" అన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. నిజానికి ఆ గదుల్లో బేస్‌కి కరువేమీ లేదు. మనిషి కూర్చునే చోట ఉండదు, అంతే. సోఫాలో పేలవంగా తోచిన పాటే, మంచినీళ్ళ కోసం లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళేసరికి ఛాతీలో మోగుతుంది. కొన్ని ఇళ్ళలో దీనికి తిరగేసిన గొడవ: ఒక్క స్వరం మాత్రం గది దద్దరిల్లేలా మోగి, దాని పక్క స్వరాలు అసలు లేనట్టే జారిపోతాయి. రెండూ ఒకే జబ్బు. దానికి మందుగా జనం ముందు కొత్త ఆంప్లిఫయర్ కొంటారు, తర్వాత పెద్ద సబ్‌వూఫర్, చివరికి గోడలకి అంటించే నల్ల ఫోమ్ పలకలు. డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది.

ఆశ ఎక్కడ పుడుతోందో తెలిసిందే. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాడు చుట్టూ బండరాళ్ళున్న ఈ నేల మీద ఇప్పుడు కావూరి హిల్స్ నుంచి కొండాపూర్ దాకా అపార్ట్‌మెంట్లే. వాటిలో ఉండే ఉద్యోగులకున్న వినోదాల్లో ఒకటి సినిమా. 2018 చివర్లో కొండాపూర్‌లో ఏఎంబీ సినిమాస్ మొదలయ్యాక, అలాంటి తెరల ముందు విన్న ఉరుము ఇంట్లో కూడా ఉరమాలన్న కోరిక బలపడింది. కానీ థియేటర్ హాలు వేల ఘనపు మీటర్ల చోటు. మన హాలు అరవై ఘనపు మీటర్లుంటే గొప్ప. తేడా స్పీకర్ల ధరలో కంటే ఈ అంకెలోనే ఎక్కువుంది.

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1954లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చిన ఒక లెక్క ఇక్కడ పనికొస్తుంది. గది ఎంత పెద్దదో, అందులో చప్పుడు అణగడానికి ఎంతసేపు పడుతుందో తెలిస్తే ఒక సరిహద్దు చెప్పొచ్చు. ఆ సరిహద్దుకు పైనున్న ధ్వని గదంతా దాదాపు సమానంగా పరుచుకుంటుంది. కింద ఉన్నదాని మీద గది పెత్తనం చేస్తుంది. మూడు వేల ఘనపు మీటర్ల థియేటర్‌కి ఆ సరిహద్దు 30 హెర్ట్జ్ చుట్టూ పడుతుంది, అంటే సినిమాలో ఉండే బేస్ దాదాపు మొత్తం సరిహద్దు పైనే. మన హాలుకి లెక్కేస్తే 220 దాకా వస్తుంది, పడకగదికి ఇంకా పైకి పోతుంది. అంటే ఇంట్లో బేస్ పూర్తిగా గది ఇష్టం. స్పీకర్ తయారుచేసినవాడు కాగితం మీద గీసిన గ్రాఫుకీ, సోఫాలో చెవికి చేరేదానికీ అక్కడ చుట్టరికం తెగిపోతుంది.

పైగా మన గది మామూలు గది కాదు. స్పీకర్ల గురించి మనం చదివే సలహాలు చాలావరకు అమెరికా నుంచి వచ్చినవి. అక్కడి ఇళ్ళు కర్ర చట్రం, దానికి కొట్టిన జిప్సం బోర్డు, నేల మీద కార్పెట్. ఆ గోడ 125 హెర్ట్జ్ దగ్గర తనకు తగిలిన ధ్వనిలో సుమారు 29 శాతాన్ని మింగుతుంది. రంగేసిన కాంక్రీటు మింగేది ఒక్క శాతం. కొత్త టవర్లలో అల్యూమినియం అచ్చుల్లో, మేస్త్రీలు మైవాన్ అని పిలిచే పద్ధతిలో, గోడలు కూడా స్లాబుతో పాటే కాంక్రీటుతో పోస్తున్నారు. పాత భవనాల్లో ఇటుకైనా, దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్. కింద విట్రిఫైడ్ టైల్స్. ఆరు వైపులా బండే. బేస్ బయటికి పోదు, లోపల అరగదు. గోడకీ గోడకీ మధ్య తిరుగుతూ ఉంటుంది. "స్పీకర్లను వెనక గోడకు మూడడుగులు ముందుకు జరపండి, గోడల దగ్గర బేస్ ఉబ్బుతుంది" అన్న సలహా కర్ర ఇంటికీ, విశాలమైన గదికీ పుట్టింది. పదకొండడుగుల వెడల్పు హాల్లో దాన్ని పాటిస్తే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

ముందు గది లెక్క. రెండు పడకగదుల ఫ్లాట్‌లో భోజనాల చోటుతో కలిపి హాలు 20 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, లోపలి ఎత్తు తొమ్మిదిన్నర అనుకుందాం. తొట్టిలో నీళ్ళను ఒక చివర నుంచి చేత్తో తోస్తే కొన్ని వేగాల దగ్గర మాత్రం అలలు ఎగిరిపడతాయి, నడుమ నీళ్ళు కదలకుండా ఉంటాయి. గదిలో గాలి కూడా అంతే. ధ్వని వేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే ఆ వేగం తెలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 346 మీటర్లు పోతుంది. పొడవు దిక్కున మొదటి అనునాదం 28 హెర్ట్జ్, రెండోది 57. వెడల్పు దిక్కున 52. ఎత్తు దిక్కున 60. పొడవూ వెడల్పూ కలిసి పుట్టించేది ఒకటి 59 దగ్గర ఉంటుంది. అంటే 52 నుంచి 60 లోపు నాలుగు అనునాదాలు గుమిగూడాయి. దాని కింద 28 దాకా ఏమీ లేదు. సినిమాలో పేలుడూ, పాటలో బేస్ గిటార్ కింది స్వరాలూ ఈ ఎనిమిది హెర్ట్జ్ ఇరుకులోకి వచ్చినప్పుడు గది బొంయ్‌మంటుంది. 40 దగ్గర స్వరానికి ఉలకదు, పలకదు.

పడకగది కథ ఇంకా ఇరుకు. పదికి పన్నెండు గదిలో వెడల్పు అనునాదం 57, ఎత్తుది 60, పొడవుది 47. వెడల్పూ ఎత్తూ దాదాపు సమానం కావడం వల్ల రెండు అనునాదాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మన బిల్డర్లు పదడుగుల కొలతకు అలవాటు పడ్డారు, పైన స్లాబు కూడా అంతే ఎత్తులో పడుతోంది. ధ్వని కోసం గది కట్టేవాడు ఎవడైనా మొదట తప్పించుకునే కొలత అదే. వాస్తు చూసి కట్టిన గదిని ఈ కారణానికి కూలగొట్టలేం కదా.

ఇక మనిషి కూర్చునే చోటు. ఈ హాల్లో టీవీ ఒక పొడవాటి గోడకి, సోఫా ఎదురు గోడకి ఆనించి ఉండటమే రివాజు. అనునాదాల ఒత్తిడి గోడల దగ్గరే అత్యధికం. సోఫా గోడకి ఆనితే చెవి గోడకు అడుగు దూరంలో ఉంటుంది, వెడల్పు దిక్కు 52 హెర్ట్జ్ అక్కడ పూర్తి బలంతో మోగుతుంది. సోఫాను రెండడుగులు ముందుకు లాగితే ఆ ఒక్కటీ మూడు డెసిబెల్స్ పైచిలుకు తగ్గుతుంది. పైసా ఖర్చు లేని మూడు డెసిబెల్స్. అలాగని సరిగ్గా గది నడుమ కూర్చుంటే ఆ స్వరం మొత్తానికే మాయమవుతుంది, ఎందుకంటే వెడల్పు మధ్యలో దాని ఒత్తిడి సున్నా. పొడవు దిక్కున కూడా లెక్క ఇలాంటిదే: 28కి సున్నా గది మధ్యలో, 57కి చివరి గోడల నుంచి అయిదేసి అడుగుల దగ్గర. అందుకే సోఫాలో ఈ చివర కూర్చున్న భర్తకీ ఆ చివర కూర్చున్న భార్యకీ ఒకే పాటలో బేస్ మీద ఏకాభిప్రాయం కుదరదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

స్పీకర్ ఎక్కడ పెట్టాలన్నది దీనికి అద్దం లాంటి ప్రశ్న. చెవికి చెడ్డచోటు స్పీకర్‌కీ చెడ్డదే, ఎందుకంటే మోగేచోటినీ వినేచోటినీ తారుమారు చేసినా ఫలితం మారదు. ఈ నియమం మీదే ఒక పాత కిటుకు నడుస్తుంది: సబ్‌వూఫర్‌ను సోఫా మీద కూర్చోబెట్టి, బేస్ గీత బాగా తెలిసిన పాటొకటి పెట్టి, మనం నేల మీద గోడల వెంట పాకుతూ వినడం. ఎక్కడ అన్ని స్వరాలూ సమానంగా వినిపిస్తే అక్కడ సబ్‌వూఫర్ పెట్టాలి. ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు చేయకపోతే మంచిది.

మూలలో పెడితే బేస్ పెరుగుతుందన్నది అందరికీ తెలుసు. ఎందుకు, ఎంత అన్నది తక్కువమందికి తెలుసు. స్పీకర్‌కి దగ్గరగా ఉన్న ప్రతి గోడా తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఒత్తిడిని ఆరు డెసిబెల్స్ దాకా పెంచగలదు. మూలలో మూడు తలాలు కలుస్తాయి. అయితే గోడ ఇవ్వడమే కాదు, తీసుకుంటుంది కూడా. స్పీకర్ వెనక్కి వెళ్ళిన ధ్వని గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి, ఆ దూరం తరంగంలో నాలుగో వంతైన చోట, ముందుకు పోయే ధ్వనిని రద్దు చేస్తుంది. అమెరికన్ ఇంజనీర్ రాయ్ ఆలిసన్ 1974లో గోడల ప్రభావం మీద ప్రచురించిన వ్యాసం తర్వాత ఈ గుంటను ఆయన పేరుతో పిలవడం మొదలైంది.

ఇప్పుడు ఆ "మూడడుగుల" సలహాకు వద్దాం. స్పీకర్ డబ్బా లోతు ఒక అడుగు అనుకుందాం. వెనక మూడడుగులు వదిలితే కోన్ గోడకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. రద్దయ్యేది 71 హెర్ట్జ్, సరిగ్గా మగగొంతుకు శ్రుతి పట్టే తంబూరాలో మంద్ర షడ్జం మోగే చోటు. డబ్బాను గోడకి ఆనిస్తే కోన్ ఒక్క అడుగు దూరంలో ఉంటుంది, గుంట 280 పైకి పోతుంది. అక్కడ డబ్బా ముందు పలకే ధ్వనిని కొంత ముందుకు తిప్పుతుంది, స్పీకర్ వెనక గోడకి మందపాటి పీచు పలక పెట్టినా పని చేస్తుంది. రెండడుగుల నుంచి నాలుగడుగుల దాకా ఉన్న నడిమి చోటే అన్నిటికన్నా నష్టం. ఇరుకు గదిలో వెనక్కి ఎనిమిదడుగులు వదిలే వీలు ఎలాగూ లేదు. కాబట్టి మాదాపూర్ హాల్లో డబ్బాను గోడకి ఆనించడమే మేలని నా అభిప్రాయం. ఉబ్బిన బేస్‌ను తగ్గించడం తేలిక. మాయమైనదాన్ని రప్పించడం కష్టం.

ఉబ్బును తగ్గించే మొదటి సాధనం స్పీకర్ వెనకే ఉంది, పోర్ట్ అనే ఆ గుండ్రటి రంధ్రం. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురాస్ 1930లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఏర్పాటు అది: డబ్బాలోని గాలికి ఒక గొట్టం పెట్టి, కోన్ అలసిపోయే పౌనఃపున్యం దగ్గర గొట్టం చేత మోగించడం. దాన్ని ముప్ఫై ఏళ్ళు అందరూ అంచనా మీదే కట్టారు. ఆస్ట్రేలియా ఇంజనీర్ నెవిల్ థీల్ 1961లో లెక్క తేల్చాడు, పదేళ్ళ తర్వాత రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఇవాళ బజారులో ఉన్న ప్రతి పోర్ట్ ఉన్న డబ్బా వెనకా వాళ్ళిద్దరి గుణకాలే. దీనికి పోటీగా అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1తో పూర్తిగా మూసిన డబ్బాను తెచ్చాడు, అందులో బిగబట్టిన గాలే కోన్‌కి స్ప్రింగు. పోర్ట్ డబ్బా ఒక హద్దు దాకా నిటారుగా మోగి, ఆ కింద ప్రతి ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున కూలిపోతుంది. మూసిన డబ్బా ముందే వాలడం మొదలుపెట్టి 12 చొప్పున మెల్లగా దిగుతుంది.

ఇక్కడే కాంక్రీటు మనకు మేలు చేస్తుంది. గదిలోని అతి తక్కువ అనునాదానికి కింద గాలి అలలుగా కదలదు, గది మొత్తం ఒక్క డబ్బాలా బిగుస్తుంది. బిగింపు గట్టిగా ఉన్న గదిలో ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ దాకా లాభం సిద్ధాంతం ప్రకారం దొరుకుతుంది. కర్ర ఇంట్లో గోడలే ఊగిపోయి ఆ లాభాన్ని తినేస్తాయి. కాంక్రీటు ఊగదు. తలుపు సందులూ కిటికీ చట్రాలూ కొంత వదిలేసినా మిగిలేది తక్కువ కాదు. పదికి పన్నెండు పడకగదిలో 47 హెర్ట్జ్ కింద గది పైకి లేపుతుంటే, మూసిన డబ్బా అదే వాలుతో దిగుతుంది. రెండూ కలిస్తే 30 దాకా దాదాపు చదునైన బేస్. ఇది ఎనిమిది అంగుళాల కోన్‌తో కూడా జరుగుతుంది. మన ఫ్లాట్లకు మూసిన డబ్బాయే తగినదని, పోర్ట్ ఉన్నదైతే గోడ దగ్గర పెట్టి మూసేయడమే మంచిదని ఇన్ని లెక్కలూ ఒక్క మాట మీదికి వస్తున్నాయి. కొందరు తయారీదారులు ఫోమ్ బిరడాలు పెట్టెలోనే ఇస్తారు. ఇవ్వకపోతే చుట్టిన మేజోళ్ళు చాలు. పోర్ట్ మూసిన వెంటనే "బేస్ తగ్గింది" అనిపిస్తుంది. తగ్గింది బొంయ్‌మనే ఉబ్బు. వారం ఓపికపడితే చెవి సర్దుకుంటుంది.

చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ కరెంటుతో పెద్ద చప్పుడు: ఈ మూడిట్లో రెండే దొరుకుతాయని కేఎల్‌హెచ్ సంస్థలో పనిచేసిన హాఫ్‌మన్ చాలా కాలం కిందే తేల్చాడు. సౌండ్‌బార్ ప్రకటనలు చదివేటప్పుడు ఇది గుర్తుంటే చాలు.

డబ్బా లోపల దూది నింపడం మీద ఉన్నన్ని మూఢనమ్మకాలు మరి దేనిమీదా లేవు. మూసిన డబ్బాలో పీచు రెండు పనులు చేస్తుంది. ఒకటి, లోపలి గోడల మధ్య పుట్టే అనునాదాలను అణచడం. అడుగు ఎత్తున్న డబ్బాలో అది 570 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, కాబట్టి బాగుపడేది బేస్ కాదు, గొంతు. రెండోది చిత్రమైనది: గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడిని పీచు తీసుకుంటుంది కాబట్టి గాలి ఇంకాస్త మెత్తబడి, డబ్బా ఉన్నదానికన్నా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. సిద్ధాంతం 40 శాతం అంటుంది. వాస్తవంలో 15 నుంచి 25 దొరికితే సంతోషించాలి. ఆ మేరకు బేస్ కాస్త కిందికి దిగి, బొంయ్‌మనడం తగ్గుతుంది. పరుపుల దుకాణాల్లో కిలో లెక్కన అమ్మే రెక్రాన్ పీచు ఇందుకు భేషుగ్గా సరిపోతుంది. లీటరుకు 10 నుంచి 16 గ్రాములు, వేళ్ళతో విప్పి, కుక్కకుండా నింపాలి. కుక్కితే చోటు తగ్గి మొదటికే మోసం. ఇంట్లో పాత బూరుగు దూది పరుపు ఉంటే అది కూడా పనికొస్తుంది, కాకపోతే పురుగు పట్టకుండా చూసుకోవాలి. ఎ. ఆర్. బెయిలీ 1965లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో వర్ణించిన పొడవాటి సొరంగపు డబ్బాలో వాడింది గొర్రె ఉన్ని. పోర్ట్ డబ్బాలో మాత్రం మూడు గోడలకు అస్తరు వేసి, పోర్ట్ నోటి దగ్గర ఖాళీ వదలాలి. అక్కడ నింపితే గొట్టం పని గొట్టం చేయలేదు.

డబ్బా గోడలు మోగకుండా చేయడం వేరే విద్య. బీబీసీ ఇంజనీర్లు హార్‌వుడ్, మాథ్యూస్ 1977 నివేదికలో పలచటి ప్లైవుడ్‌కి బిటుమెన్ లాంటి జిగట పొర అతికించడం, మందపాటి పలకకన్నా గొంతుకు మేలని వాదించారు. కార్ల డెకరేషన్ షాపుల్లో తలుపులకి అతికించే బిటుమెన్ షీటు సరిగ్గా ఆ జాతే. అయినా మంచి డబ్బాకి ఇది అనవసరం, బేస్‌కి మరీ అనవసరం. అంతకన్నా ముందు చూడాల్సింది కోన్ అంచున ఉండే ఫోమ్ వలయం. మన వేడికీ తేమకీ పది పదిహేనేళ్ళలో అది పొడి అయి రాలుతుంది, వేలు పెడితే తెలుస్తుంది. రాలితే బేస్ ఎక్కడికీ పోలేదు, ఆ చిరుగులోంచి పోతోంది. కోఠీ గుజరాతీ గల్లీ వైపు వెళితే విడి కోన్‌లూ అంచు వలయాలూ దొరుకుతాయి, కొత్త స్పీకర్లు కొనే పని తప్పుతుంది.

ఇలా అణచడాన్నే డ్యాంపింగ్ అంటారు. దూది, జిగట పొర తర్వాత ఆ పేరుతోనే ఉన్న మూడో వ్యవహారం ఆంప్లిఫయర్ డ్యాంపింగ్ ఫ్యాక్టర్. పెట్టె మీద 1000 అని వేసి అమ్ముతారు. కోన్‌ను విద్యుత్తుతో ఆపే శక్తిని నిర్ణయించేది దాని తీగచుట్టలోని ఆరు ఓమ్‌ల నిరోధం. ఆంప్లిఫయర్ వైపు 0.08 ఉంటేనేం, 0.008 ఉంటేనేం? ఈ అంకెకి డబ్బు పెట్టకండి.

గదికి మెత్తదనం కల్పించడమే ఇందులో అన్నిటికన్నా బరువైన భాగం, అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేది కూడా ఇక్కడే. పీచు పదార్థం ధ్వనిని మింగాలంటే తరంగంలో నాలుగో వంతుకు దగ్గరగా మందం ఉండాలి. 60 హెర్ట్జ్ తరంగం 5.8 మీటర్లు. నాలుగో వంతు దాదాపు అయిదడుగులు. రెండంగుళాల ఫోమ్ పలక దాని ముందు ఏపాటిది? అది చప్పట్ల ప్రతిధ్వనిని తీసేస్తుంది, గొంతులో మెరుపును కూడా తీసేస్తుంది, బేస్‌ను ముట్టుకోదు. ఫలితంగా గది ముందుకన్నా మసకగా, బరువుగా వినిపిస్తుంది. కోడిగుడ్ల ట్రేల సంగతి చెప్పనే అక్కర్లేదు. గోల్కొండ ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు బాలాహిసార్ దాకా వినిపించడం మన నగరం గర్వంగా చూపించే ధ్వని విద్య. కానీ అది చప్పట్ల విద్య. చప్పట్లను ఆపే సామాను నగారాను ఆపదు.

పనిచేసేవి రెండు జాతులు. ఒకటి మందం: ఘనపు మీటరుకు 48 కిలోల రాక్‌వూల్ పలకల్ని గుడ్డలో కుట్టించి, నేల నుంచి కప్పు దాకా మూలకు అడ్డంగా, వెనక ఖాళీతో నిలబెట్టడం. అడుగున్నర లోతుంటే నూరు హెర్ట్జ్ దగ్గర్నుంచి తేడా తెలుస్తుంది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టనక్కర్లేకుండా నిలబడటం దీని అదనపు గుణం. రెండోది ఊగే పలక. బరువున్న పలక, దాని వెనక బంధించిన గాలి కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర ఊగి శక్తిని మింగుతాయి. ఇది చాలా ఇళ్ళలో తెలియకుండానే ఉంది, దాని పేరు ఫాల్స్ సీలింగ్. చదరపు మీటరుకు ఎనిమిదిన్నర కిలోల జిప్సం బోర్డు, పైన 20 సెంటీమీటర్ల ఖాళీ అంటే 46 హెర్ట్జ్ చుట్టూ ఊగే పలక. ఖాళీ తగ్గిస్తే పౌనఃపున్యం పెరుగుతుంది, 12 సెంటీమీటర్లకి 60 వైపు వస్తుంది, అంటే మన గుమిగూడిన అనునాదాల నడిబొడ్డుకి. పైన పలచగా పీచు పరిపిస్తే ఇంకా మంచిది. ఇంటీరియర్ వాళ్ళు దీన్ని లైట్ల కోసమే కడతారు. హాలు మొత్తం కప్పే సీలింగ్‌కి ఈ గుణం ఉంటుంది, గోడల చుట్టూ ఒక పట్టీలా కట్టి వదిలేస్తే అంతగా ఉండదు. కొత్త ఫ్లాట్‌కి సీలింగ్ చేయించుకునేవాళ్ళు ఆ ఖాళీ ఎంత వదలాలో ముందే చెబితే, సబ్‌వూఫర్ ఖరీదులో సగం ఆదా అని నేనంటాను. చట్రం వదులుగా బిగిస్తే మాత్రం ప్రతి పేలుడుకీ లైట్లు గజగజలాడతాయి.

బాల్కనీ స్లైడింగ్ తలుపు తెరవడం కూడా ఒక చికిత్సే. తెరిచిన ద్వారం ధ్వనిని వంద శాతం మింగుతుంది, బేస్ శుభ్రపడుతుంది, గది బిగింపు వల్ల వచ్చిన లాభం పోతుంది. దోమలు వస్తాయి.

రెండు సబ్‌వూఫర్ల మాట వేరు. హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో వివరించిన పని ప్రకారం నాలుగు గోడల నడుమల్లో నాలుగు పెడితే సోఫాలో ప్రతి సీటుకీ బేస్ దాదాపు ఒకేలా అందుతుంది. ఎదురెదురు గోడల నడుమ రెండు పెడితే దాదాపు అంత ఫలితం. ఉద్దేశం ఎక్కువ మోత కాదు, ఒకటి లేపిన అలను మరొకటి రద్దు చేయడం. మన హాల్లో పొట్టి గోడల నడుమ రెండు పెడితే 28, 52 రెండూ తగ్గుతాయి, 57 బలపడుతుంది. అలా కాక ఒక పొడవాటి గోడ వెంట చివరల నుంచి అయిదేసి అడుగుల దగ్గర పెడితే 28, 57 పోతాయి, 52 మిగులుతుంది. ఆ 52ను సోఫా జరిపి తగ్గించే వీలుంది కాబట్టి నా ఓటు రెండోదానికే. ఒక పెద్దదాని ధరకు రెండు చిన్నవి, అది కూడా మూసిన డబ్బావి, దొరికితే ఆలోచించనక్కర్లేదు.

చివరగా ఈక్వలైజర్. ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్, ఒక కొలత మైకు ఉంటే గది గుట్టు పది నిమిషాల్లో గ్రాఫు మీద పడుతుంది. ఉబ్బిన శిఖరాన్ని నరకడానికి ఇది నిక్షేపంలా పనిచేస్తుంది. గుంటను పూడ్చడానికి పనిచేయదు. 10 డెసిబెల్స్ పెంచడమంటే పదింతల శక్తి పోయడం, గోడ దాన్ని కూడా అంతే శ్రద్ధగా రద్దు చేస్తుంది. అందుకే పైన చెప్పిన జరుపుళ్ళన్నీ అయ్యాకే దీని జోలికి వెళ్ళాలి.

ఎంత లోతు కావాలన్నది వినే సంగీతాన్ని బట్టి ఉంటుంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో గొంతుకు సమాంతరంగా నడిచే ఆ బేస్ గీతలు వినడానికి అది చాలు. తంబూరాకు 70. మృదంగం, తబలా వంటి మన వాద్యాల చర్మం మీది నల్లటి పూత వాటి స్వరాలను శ్రుతిబద్ధం చేస్తుందని సి.వి. రామన్ 1920 నుంచీ చూపించాడు. ఆ తీరైన స్వరాల్లో ఒక్కదాన్ని గది అనునాదం ఉబ్బిస్తే మృదంగం డ్రమ్ముగా మారిపోతుంది. కచేరీ వినేవాడికి 30 హెర్ట్జ్ అక్కర్లేదు, 50 నుంచి 150 దాకా సమతూకం కావాలి. 30 కిందికి దిగాలన్న తపన సినిమాదే.

ఆ తపనకు అడ్డు కింది ఫ్లాట్. అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు. బరువు లెక్కన అది 500 హెర్ట్జ్ ధ్వనిని 56 డెసిబెల్స్ ఆపుతుంది, 50 హెర్ట్జ్‌ని మాత్రం 36. మన గదిలో 90తో మోగితే కింద 54. ఆ పౌనఃపున్యంలో మనిషి చెవికి వినిపించడం మొదలయ్యేదే 44 దగ్గర, కాబట్టి వాళ్ళకి మాటలు లేని సినిమా వినిపిస్తుంది. స్లాబు మందం రెట్టింపు చేసినా తగ్గేది ఆరే. సబ్‌వూఫర్ కింద రబ్బరు దిమ్మలు పెడితే నేల ద్వారా పోయేది తగ్గుతుంది, గాలి ద్వారా పోయేది తగ్గదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి, కానీ ఏ-వెయిటింగ్‌తో. ఆ కొలత 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంటే 75 డెసిబెల్స్ బేస్ మోగినా మీటరు 45 అంటుంది. చట్టానికి కనపడని చప్పుడు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుకి మాత్రం కనపడుతుంది.

ఇందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి ఉంది. అపార్ట్‌మెంటులో ఒకే ప్లాను ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటుంది. మన హాలు కింద సరిగ్గా అదే కొలతల హాలు, అవే 52, 57, 60 అనునాదాలు. మన గది ఉబ్బించి పంపిన 52ను వాళ్ళ గది మళ్ళీ ఉబ్బిస్తుంది, అది కూడా గోడకి ఆనించిన వాళ్ళ సోఫా దగ్గర. సోఫా జరపడం మన చెవిని ఒక్కదాన్నే కాపాడుతుంది. స్పీకర్ చోటు మార్చడం, పోర్ట్ మూయడం, ఈక్వలైజర్‌లో ఆ ఎనిమిది హెర్ట్జ్‌ల శిఖరాన్ని ఎనిమిది పది డెసిబెల్స్ నరకడం మాత్రం వాళ్ళకి రెండుసార్లు మేలు చేస్తాయి, 30 దగ్గర ఉరుము మనకి మిగులుతుంది.